వంద డాలర్ల నోటు మీది మందు సీసా

(కెనడాలోని మిస్సిసాగాలో మా తెలుగు పుస్తకప్రియుల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మాత్రం మార్చలేదు.)

అందరికీ నమస్కారం. బయట ఇంత మంచు పడుతున్నా ఇల్లు కదిలి వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. పిల్లల దగ్గర నాలుగు నెలలుండి పోదామని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. అమ్మా, చలిగా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, ఆ తలుపు వేసేద్దాం.

ఎవరి దగ్గరైనా వంద డాలర్ల నోటు ఉందా? లేదా? అందరం కార్డులకు అలవాటు పడిపోయాం. సరే, నేనొకటి తెచ్చాను. వెనక్కి తిప్పి, అలా చేతులు మార్చుకుంటూ చూడండి. మైక్రోస్కోపు ముందు ఒక పరిశోధకురాలు కూర్చుని ఉంది. పక్కన చిన్న సీసా ఉంది చూశారా? అదేమిటి? అవును బాబూ, సరిగ్గా చెప్పావు. ఇన్సులిన్ సీసా. ఒక దేశం తన పెద్ద నోటు మీద మందు సీసా వేసుకుంది.

ఆ సీసా నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిందే. మా నాన్నగారికి షుగరు. మా ఊళ్ళో అప్పట్లో ఫ్రిజ్ ఉన్న ఇల్లు లేదు. మా అమ్మ వెడల్పు మూతి కుండలో తడి ఇసుక పోసి, ఆ ఇసుకలో సీసాను నిలబెట్టేది. గాజు సిరంజీ, సూదీ గిన్నెలో వేసి మరగబెట్టేది. పొద్దున్నే పొయ్యి మీద కాఫీ నీళ్ళకంటే ముందు ఆ గిన్నె ఎక్కేది. నేను ఒకసారి అడిగాను, ఈ మందు ఎవరు కనిపెట్టారు నాన్నా అని. ఎవరో దొరలురా, మహానుభావులు అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ సీసా మీద బతికారు మా నాన్నగారు. ఆ మహానుభావుల పేర్లు తెలియకుండానే వెళ్ళిపోయారు.

నేను ఈ దేశానికి వచ్చాక పౌరసత్వ పరీక్షకు అందరిలాగే ‘డిస్కవర్ కెనడా’ చదివాను. మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో ఇన్సులిన్ గురించి ఒక ముక్క ఉంటుంది: ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కనిపెట్టారు, కోటీ అరవై లక్షల ప్రాణాలు నిలబడ్డాయి అని. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా నాన్నగారు వీళ్ళ గురించే కదా మహానుభావులు అన్నది అనిపించింది. పరీక్ష అయిపోయాక లైబ్రరీకి వెళ్ళి, వీళ్ళ మీద పుస్తకం ఉందా అని అడిగాను. అక్కడి ఆవిడ నా చేతిలో పెట్టిన పుస్తకం ‘ది డిస్కవరీ ఆఫ్ ఇన్సులిన్’. రాసింది మైకేల్ బ్లిస్ అనే చరిత్రకారుడు, టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1982లో వచ్చింది. ఈరోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఆ పుస్తకం గురించే.

దానికి ముందు ఒక్క మాట. మన ఊరు కాని ఊళ్ళో, మన వాళ్ళు కాని మనుషుల జీవితాలు మనకెందుకు అని మొన్న ఒక మిత్రుడు అడిగారు. నేను ఆయనకు విజ్ఞాన చంద్రికా మండలి సంగతి గుర్తుచేశాను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారూ మిత్రులూ కలిసి హైదరాబాదులో పెట్టారు. తెలుగువాళ్ళకు చరిత్ర, శాస్త్రం తెలుగులోనే అందించాలని. ఆ గ్రంథమాలలో మొదటి పుస్తకం ఎవరి మీద? అబ్రహాం లింకన్ మీద. రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. సముద్రాల అవతలి మనిషి జీవితంతోనే వాళ్ళు మొదలుపెట్టారు. మరి మనం ఆ సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నాం. ఈ నేల మీద మనకంటే ముందు ఎవరు నడిచారో తెలుసుకోవద్దా?

ఇప్పుడు ఇన్సులిన్ కథకు వద్దాం. 1920. లండన్ అనే ఊరు, మన ఒంటారియోలోని లండన్. ఫ్రెడరిక్ బాంటింగ్ అక్కడ ఆసుపత్రి బోర్డు పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, యుద్ధంలో గాయపడి వచ్చిన సర్జన్. ప్రాక్టీసు నడవడం లేదు. మొదటి నెల ఆదాయం నాలుగు డాలర్లు. నాలుగంటే నాలుగే. ఖర్చుల కోసం అక్కడి వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. అక్టోబరు 30 రాత్రి, మర్నాటి తర్వాత చెప్పాల్సిన పాఠం కోసం ఒక వైద్య పత్రిక చదివి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాటాక లేచి నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. డయాబెటిస్ అన్న మాటకు స్పెల్లింగు కూడా తప్పు రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఏమిటి ఆ ఆలోచన? మన కడుపులో క్లోమం ఉంటుంది కదా, ప్యాంక్రియాస్. దానికి రెండు పనులు. ఒకటి, తిన్నది అరగడానికి రసం తయారుచేసి పేగులోకి పంపడం. రెండోది, ఆ క్లోమంలోనే అక్కడక్కడ చిన్న చిన్న కణాల గుంపులుంటాయి. గోదావరి మధ్యలో లంకలుంటాయి చూశారా, అలాగ. ఆ లంకల్లోంచి ఏదో పదార్థం నేరుగా రక్తంలోకి దిగుతోందని, అది లేకపోతేనే షుగరు వస్తోందని అప్పటికే శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఇన్సులిన్ అన్న పేరు కూడా అక్కడిదే. ఇన్సులా అంటే లాటిన్‌లో లంక. చిక్కెక్కడంటే, క్లోమాన్ని నూరి ఆ పదార్థం తీయబోతే జీర్ణరసం దాన్ని పాడుచేస్తోందని భయం. బాంటింగ్ ఏమనుకున్నాడంటే, రసం బయటికి పోయే నాళాన్ని ముడివేసేస్తే రసం తయారుచేసే భాగం ఎండిపోతుంది, లంకలు మిగులుతాయి, అప్పుడు తీద్దాం అని.

ఈ ఆలోచన పట్టుకుని టొరంటోలో జె.జె.ఆర్. మెక్లాయిడ్ దగ్గరికి వెళ్ళాడు. స్కాట్లాండు మనిషి, శరీరధర్మశాస్త్రంలో పెద్ద ఆచార్యుడు. బాంటింగ్‌కు పరిశోధన అనుభవం లేదని ఆయనకు అర్థమైంది. అయినా ప్రయోగశాల ఇచ్చాడు, కుక్కలనిచ్చాడు, సహాయానికి ఒక విద్యార్థినిచ్చాడు. ఇద్దరు విద్యార్థులు నాణెం ఎగరేసి ముందు ఎవరు పనిచేయాలో తేల్చుకున్నారు. అలా వచ్చినవాడు చార్లెస్ బెస్ట్, ఇరవై రెండేళ్ళవాడు. 1921 మే 17న పని మొదలైంది. ఆ ఎండాకాలం, మేడ మీద గదిలో ఉక్క, చచ్చిపోతున్న కుక్కలు, చేతిలో డబ్బు లేదు. బ్లిస్ ఈ భాగాన్ని రోజువారీ నోటుబుక్కులు ముందు పెట్టుకుని రాశాడు. ఏ రోజు ఏ కుక్కకు ఎంత ఎక్కించారు, చక్కెర ఎంత దిగింది, అన్నీ. చదువుతుంటే మనమే ఆ గదిలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నట్టుంటుంది.

ఆ ఎండాకాలం నాటి ఫోటో ఒకటి మీరు చూసే ఉంటారు. మేడ మీద బాంటింగ్, బెస్ట్ నిలబడి ఉంటారు, మధ్యలో కుక్క. చాలా అందమైన ఫోటో. ప్రపంచమంతా ఆ ఫోటోనే నమ్మింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక కుక్క, ఇన్సులిన్. మరి ఆ ఫోటోలో ఎవరు లేరు? బ్లిస్ పుస్తకం అడిగే ప్రశ్న అదే. ఆ ఫోటోలో ఎవరు లేరు?

మెక్లాయిడ్ లేడు. ప్రయోగాల్లో తప్పులు ఎత్తిచూపి, ఇలా కాదు మళ్ళీ చేయండి అని నిలదీసినవాడు లేడు. ఇంకొకాయన లేడు, ఈయన పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి. జేమ్స్ కాలిప్. ఆల్బర్టా విశ్వవిద్యాలయం నుంచి సెలవు మీద వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త. 1921 డిసెంబరులో వీళ్ళతో చేరాడు.

1922 జనవరి 11. టొరంటో జనరల్ హాస్పిటల్. లియొనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయి, పద్నాలుగేళ్ళు. బరువు ముప్ఫై కిలోలు లేడు. అమ్మా, అప్పట్లో చిన్నపిల్లలకు షుగరు వస్తే వైద్యం ఏమిటో తెలుసా? పస్తు పెట్టడం. అన్నం తగ్గిస్తే చక్కెర తగ్గుతుంది, పిల్ల ఇంకో ఏడాది బతుకుతుంది. తల్లిదండ్రులు తమ చేతులతో తామే బిడ్డను ఆకలితో పడుకోబెట్టాలి. ఆ రోజు బాంటింగ్, బెస్ట్ చేసిన మందు ఆ అబ్బాయికి ఎక్కించారు. ఏం జరిగింది? పెద్దగా గుణం లేదు. సూది గుచ్చిన చోట గడ్డ లేచింది. ఆపేశారు.

పన్నెండు రోజుల తర్వాత, జనవరి 23న మళ్ళీ ఎక్కించారు. ఈసారి మందు కాలిప్ శుద్ధి చేసింది. ఆల్కహాలు గాఢతను కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి, అక్కర్లేనివన్నీ ముందు దించేసి, అసలు పదార్థం ఎక్కడ అడుగుకు దిగుతుందో పట్టుకున్నాడాయన. అబ్బాయి తేరుకున్నాడు. మూత్రంలో చక్కెర దాదాపు పోయింది. లేచి తిరిగాడు. ఇంకో పదమూడేళ్ళు బతికాడు.

మరి ఆ ఫోటో? ఆ ఫోటోలో కాలిప్ ఎక్కడ?

ఇక్కడ బ్లిస్ ఏ ఒక్కరినీ దేవుణ్ణి చేయడు. ఆ జనవరిలోనే ప్రయోగశాలలో బాంటింగ్, కాలిప్ కొట్టుకునేదాకా వెళ్ళారు. శుద్ధి ఎలా చేశానో మీకు చెప్పను అన్నాడట కాలిప్. బాంటింగ్ మీద పడి పట్టుకున్నాడు. ఇది రాయడానికి ధైర్యం కావాలి. ఎందుకంటే 1982 నాటికి బాంటింగ్ ఈ దేశానికి వీరుడు. పైగా బ్లిస్ ఇంకో మాట కూడా అన్నాడు. ఆ అర్ధరాత్రి ఆలోచన, నాళం ముడివేయడం, నిజానికి అవసరమే లేదు అని. చివరికి కబేళా నుంచి తెచ్చిన పశువుల క్లోమం మొత్తం తీసుకుని ఆల్కహాలుతోనే మందు తీశారు కదా. మరి బాంటింగ్ చేసిందేమిటి? ఆ మనిషి పట్టు వదల్లేదు. ఆ పట్టు లేకపోతే టొరంటోలో ఆ పని మొదలే అయ్యేది కాదు. ఇదీ బ్లిస్ తీర్పు. నలుగురూ కావాలి. నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ చలికాలంలో లియొనార్డ్ బతికేవాడు కాదు.

1923లో నోబెల్ వచ్చింది. ఎవరికి? బాంటింగ్‌కూ మెక్లాయిడ్‌కూ. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. మెక్లాయిడ్ తన దాంట్లో సగం కాలిప్‌కు ఇచ్చాడు. పేటెంటు సంగతి ఇంకా గొప్పది. బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురూ దాన్ని విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకు రాసిచ్చేశారు. మనిషికి ఒక్క డాలరు. ఈ వాక్యం చదివినప్పుడు నాకు మా ఇంట్లో ఇసుక కుండ కళ్ళముందు కదిలింది.

ఇంత జరిగితే, మరి లోకానికి ఇద్దరి పేర్లే ఎలా మిగిలాయి? ఇది వినండి. 1922 సెప్టెంబరులోనే ఎవరు ఏం చేశారన్న గొడవ ముదిరింది. విశ్వవిద్యాలయ పాలకమండలిలోని గూడర్‌హామ్ అనే ఆయన బాంటింగ్‌నూ, బెస్ట్‌నూ, మెక్లాయిడ్‌నూ ఎవరి కథ వాళ్ళు రాసిమ్మన్నాడు. మెక్లాయిడ్ రాశాడు. అది అచ్చయింది ఎప్పుడో తెలుసా? 1978లో. యాభై ఆరేళ్ళ తర్వాత. మెక్లాయిడ్ 1928లోనే టొరంటో వదిలి స్కాట్లాండు వెళ్ళిపోయాడు, 1935లో పోయాడు. కాలిప్ తన పని తాను చేసుకుపోయాడు, దీని గురించి పెద్దగా మాట్లాడలేదు. బాంటింగ్ 1941లో న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి పోయాడు. మిగిలింది బెస్ట్. ఆయన 1978 దాకా ఉన్నాడు, ఆయన చెప్పిన కథే ప్రచారంలో నిలిచింది. ఆ తర్వాతే కాగితాలన్నీ ఒక్క చోటికి చేర్చి బ్లిస్ పుస్తకం రాయగలిగాడు.

ఈ చోటుకు వచ్చేసరికి మీకు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు రావడం లేదా? నాకైతే ఆయనే మెదిలారు. అదే కాలం, ఇక్కడికి దగ్గరే, బోస్టన్. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి అంత పని చేసి అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కని మనిషి. ఆయన విషయంలో మనం పొగడ్తలు బోలెడు రాసుకున్నాం. ప్రయోగశాల నోటుబుక్కులు ముందేసుకుని, ఏ రోజు ఎవరు ఏం చేశారో తేల్చే ఇలాంటి తెలుగు పుస్తకం కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. ఇక్కడున్న పిల్లల్లో ఎవరైనా రాస్తారేమో.

బ్లిస్ పుస్తకంలో నాకు కంట నీళ్ళు తెప్పించిన భాగం ఎలిజబెత్ హ్యూస్‌ది. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. పదకొండేళ్ళకు షుగరు వచ్చింది. 1922 ఆగస్టులో టొరంటోకు తీసుకొచ్చేసరికి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి, బరువు ఇరవై కిలోలు. ఎముకల గూడు. బాంటింగ్ ఇన్సులిన్ మొదలుపెట్టాడు. ఆ పిల్ల తల్లికి ఉత్తరాలు రాసింది. ఏమని? ఈరోజు ఇది తిన్నాను, ఈరోజు అది తిననిచ్చారు అని. మూడేళ్ళు పస్తులున్న పిల్లకు బ్రెడ్డు ముక్క ఎంత పండగో చూడండి. పెద్దయింది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది. తన జబ్బు సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. బ్లిస్ వెతుక్కుంటూ వెళ్ళి 1980లో ఆవిడను కలిశాడు. డెబ్బై మూడేళ్ళ వయసులో, నిక్షేపంగా ఉంది. 1981లో పోయింది. అప్పటికి దాదాపు 42,000 సూదులు పొడిపించుకుంది. ఒక చరిత్ర పుస్తకం కోసం ఆ మనిషి గడప దాకా వెళ్ళడం, అది నాకు చాలా నచ్చిన విషయం.

తర్వాత 1984లో బ్లిస్ బాంటింగ్ మీద విడిగా జీవితచరిత్ర కూడా రాశాడు. అందులో బాంటింగ్ బొమ్మలు వేసే మనిషిగా కనిపిస్తాడు. చిత్రకారుడు ఏ.వై. జాక్సన్‌తో కలిసి 1927లో ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళ్ళి, అక్కడి ఇన్యూయిట్ ప్రజలను బొచ్చు వ్యాపారులు ఎలా దోచుకుంటున్నారో విలేకరి ముందు చెప్పేశాడు. అన్నట్టు, బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. మనకు నవంబరు 14 అనగానే నెహ్రూ గారు, బాలల దినోత్సవం. ప్రపంచమంతా అదే రోజు డయాబెటిస్ దినం జరుపుకునేది బాంటింగ్ కోసం.

ఆఖరి మేకు ఫోటో

ఇంకో ఫోటో చెబుతాను. ఇది కూడా పౌరసత్వ పుస్తకం వల్ల మీకు తెలిసిందే. 1885 నవంబరు 7, బ్రిటిష్ కొలంబియాలో క్రెయిగెల్లాకీ అనే చోటు. కెనడియన్ పసిఫిక్ రైలు మార్గానికి ఆఖరి మేకు కొడుతున్నారు. తెల్లగడ్డం ఆయన, డొనాల్డ్ స్మిత్, సుత్తి పట్టుకుని వంగి ఉంటాడు. చుట్టూ మనుషులు. ఇప్పుడు మీరే చెప్పండి, ఈ ఫోటోలో ఎవరు లేరు?

ఈ రైలు కథను ఈ దేశంలో ఇంటింటికీ చేర్చినవాడు పియర్ బెర్టన్. యూకాన్‌లో పుట్టి డాసన్‌లో పెరిగిన పత్రికా రచయిత. ‘ది నేషనల్ డ్రీమ్’ 1970లో, ‘ది లాస్ట్ స్పైక్’ 1971లో వచ్చాయి. చరిత్ర అంటే పాఠం అనుకునేవాళ్ళకు ఆయన పుస్తకాలిచ్చి చూడండి. కొండలు పేల్చడం, డబ్బు అయిపోయి కంపెనీ మునిగిపోబోవడం, ప్రధాని జాన్ ఏ. మెక్‌డొనాల్డ్ కిందా మీదా పడటం, రాత్రి పుస్తకం మూయబుద్ధి కాదు. బెర్టన్ చైనా కూలీలను మర్చిపోలేదు, వాళ్ళ గురించి రాశాడు. కానీ ఆయన కథకు నాయకులు వేరు. కల కన్నవాళ్ళు, కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు.

ఫ్రేజర్ లోయలో ఆ కొండలు తొలిచినవాళ్ళు చైనా నుంచి వచ్చిన దాదాపు 15,000 మంది. రోజుకు డాలరు కూలి. పక్కనే పనిచేసే తెల్ల కూలీకి అంతకంటే బాగా ఎక్కువ. కనీసం 600 మంది చచ్చిపోయారు. రైలు పూర్తయిన ఆ 1885లోనే ప్రభుత్వం ఏం చేసింది? ఇక మీదట వచ్చే ప్రతి చైనీయుడి తల మీద 50 డాలర్ల పన్ను వేసింది. 1903కు అది 500 అయింది. 1923లో తలుపే మూసేసింది. మళ్ళీ తెరిచింది 1947లో. క్షమాపణ 2006లో. మొత్తం ఈ వరస ఒకసారి మనసులో వేసుకుని ఆ ఫోటో చూడండి. ఆ ఫోటోలో వాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంకా లేనివాళ్ళున్నారు. ఆ నేల ఎవరిదో వాళ్ళు. జేమ్స్ డాషుక్ అనే ఆయన 2013లో ‘క్లియరింగ్ ది ప్లెయిన్స్’ అనే పుస్తకం రాశాడు. అది చదవడం కష్టం. మనసు కష్టపడుతుంది. 1870ల చివరికి మైదానాల్లో అడవిదున్నలు అంతరించాయి. వాటి మీదే బతికిన క్రీ, ఇంకా ఇతర ప్రజలు ఆకలితో అల్లాడారు. కరువొస్తే ఆదుకుంటామని 1876 నాటి ఆరో ఒప్పందంలో విక్టోరియా రాణి పేరు మీద రాసిచ్చారు. ఆదుకున్నారా? తిండి గిడ్డంగుల్లో ఉంది. రిజర్వులకు, అంటే వాళ్ళ కోసం హద్దులు గీసిన నేలలకు కదిలితేనే పెడతామన్నారు. ఆకలిని ఆయుధం చేసి రైలు దారి నుంచి మనుషులను ఖాళీ చేయించారు. డాషుక్ ఇది ప్రభుత్వ కాగితాల నుంచే చూపించాడు. అప్పుడు ఆ ప్రభుత్వానికి పెద్ద ఎవరు? మెక్‌డొనాల్డే.

అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడున్నారు. ధాత కరువు అని మీ ముత్తాతల నోట విన్న మాట గుర్తుందా? 1876 నుంచి 78. సరిగ్గా ఆ ఏళ్ళే. అదే రాణి. నాకు ఆ పుస్తకంలో గిడ్డంగుల పేజీ దగ్గర మన సీమే కనపడింది.

ఆ పుస్తకానికి 2014లో కెనడా చరిత్రకారుల సంఘం పెద్ద బహుమతి ఇచ్చింది. అప్పటికి ఆ బహుమతి పేరు ఏమిటో తెలుసా? సర్ జాన్ ఏ. మెక్‌డొనాల్డ్ ప్రైజ్. తర్వాత 2018లో ఆ పేరు తీసేశారు.

అయితే మెక్‌డొనాల్డ్ గురించి చదవొద్దా? చదవాలి. రిచర్డ్ గ్విన్ రెండు సంపుటాలు రాశాడు, 2007లో ఒకటి, 2011లో ఒకటి. గ్లాస్గోలో పుట్టి ఐదేళ్ళకు కింగ్‌స్టన్ వచ్చిన పిల్లాడు ఒక దేశాన్ని ఎలా కూడగట్టాడో అభిమానంతో రాశాడు. నా సలహా, గ్విన్‌నూ డాషుక్‌నూ ఒకదాని వెంట ఒకటి చదవండి. ఒక్కటే చదివితే సగం మనిషే తెలుస్తాడు.

లూయీ రియెల్ గురించి ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఆయనకు విడిగా ఒక సాయంత్రం కావాలి. మేతీ ప్రజల నాయకుడు. మేతీలంటే ఇక్కడి మూలవాసులకూ ఐరోపావాళ్ళకూ కలిసి పుట్టిన సంతతి. ఆయన తిరుగుబాటును అణచడానికి సైన్యాన్ని మోసింది ఇదే రైలు. ఆఖరి మేకు కొట్టిన తొమ్మిది రోజులకు, నవంబరు 16న, రెజైనాలో ఆయన్ను ఉరితీశారు. ఇప్పుడు మానిటోబాలో ఆయన పేరు మీద సెలవు దినం ఉంది. లావు పుస్తకాలకు భయపడే పిల్లలుంటే చెస్టర్ బ్రౌన్ బొమ్మలతో వేసిన ‘లూయీ రియెల్’ ఇవ్వండి. కాస్త పెద్ద పిల్లలకు, హైస్కూలు వాళ్ళకు.

కొమగట మారు ఓడ గురించి పంజాబీ మిత్రుల వల్ల మీకు తెలుసు. 1914లో మన దేశం వాళ్ళు 376 మంది ఆ ఓడలో వస్తే, వాంకూవర్ తీరంలో రెండు నెలలు నీళ్ళ మీదే నిలిపి, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపారు. హ్యూ జాన్‌స్టన్ 1979లో రాసిన పుస్తకం దానికి ఆధారం. క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకుని, క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం పరుగెత్తిన కుర్రాడు టెర్రీ ఫాక్స్. ఆయన మీద లెస్లీ స్క్రివెనర్ రాసిన పుస్తకం పిల్లలు కూడా చదవొచ్చు. ఆయన ఒంటికాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తుతుంటే, ఆవిడ పత్రికలో పనిచేస్తూ వారంవారం ఫోనులో మాట్లాడి రాసిన విలేకరి. ఐదు డాలర్ల నోటు మీదికి ఆయన వస్తున్నాడని 2024 చివర్లో ప్రకటించారు.

పది డాలర్ల నోటు

నోట్లతో మొదలుపెట్టాం కదా, ఇంకో నోటు చూపించి ఆపేస్తాను. ఇది పది డాలర్లు. మామూలు నోట్లలాగ అడ్డంగా ఉండదు, నిలువుగా ఉంటుంది. ఇంతకుముందు ఈ పది డాలర్ల మీద ఎవరుండేవారు? మెక్‌డొనాల్డ్. ఇప్పుడు ఎవరున్నారు? వయోలా డెస్మండ్.

హాలిఫాక్స్‌లో బ్యూటీ పార్లర్ నడిపిన నల్లజాతి మహిళ. 1946 నవంబరు 8న వేరే ఊరు వెళ్తుంటే న్యూ గ్లాస్గో దగ్గర కారు చెడిపోయింది. బాగయ్యేదాకా సినిమా చూద్దామని రోజ్‌లాండ్ థియేటర్‌కు వెళ్ళింది. చూపు కొంచెం తక్కువ, అందుకని కింద, తెరకు దగ్గరగా కూర్చుంది. కింద తెల్లవాళ్ళకే. నల్లవాళ్ళకు బాల్కనీ. కింది టికెట్ డబ్బులు ఇస్తానన్నా తీసుకోలేదు. పోలీసు వచ్చి ఈడ్చుకెళ్ళాడు. రాత్రంతా జైల్లో కూర్చుంది. మర్నాడు కోర్టులో నేరం ఏమని పెట్టారు? రంగు అన్న మాటే ఎక్కడా లేదు. బాల్కనీ టికెట్‌కూ కింది టికెట్‌కూ పన్నులో తేడా ఒక్క సెంటు. ఆ ఒక్క సెంటు ఎగ్గొట్టిందని శిక్ష. మొత్తం 26 డాలర్లు కట్టించారు.

వయోలా 1965లో న్యూయార్కులో చనిపోయింది. ఈ కథ అలాగే పోయేది. పోనివ్వని మనిషి ఆవిడ చెల్లెలు, వాండా రాబ్సన్. అప్పట్లో అక్క జైలుకెళ్ళిందంటే సిగ్గుపడిన అమ్మాయి. డెబ్బై దాటాక ఆవిడ కాలేజీలో చేరారు. అక్కడి పాఠంలో జాతి వివక్ష చరిత్ర వచ్చింది, అందులో తన అక్క వచ్చింది. అప్పటి నుంచి బడులకు తిరిగి పిల్లలకు చెప్పారు. 2010లో ‘సిస్టర్ టు కరేజ్’ అని పుస్తకం తెచ్చారు. అదే ఏడాది నోవా స్కోషియా ప్రభుత్వం వయోలాకు క్షమాభిక్ష ఇచ్చింది, నువ్వు అసలు నేరమే చేయలేదని ఒప్పుకుంటూ. దాని మీద సంతకం చేసిన లెఫ్టినెంట్ గవర్నరు మేయాన్ ఫ్రాన్సిస్, ఆవిడ కూడా నల్లజాతి మహిళే.

చరిత్రకారులు రాసిన పుస్తకాల గురించి ఇంతసేపు చెప్పాను. ఇది చరిత్రకారిణి రాసింది కాదు. ఒక చెల్లెలు అక్కను తలుచుకుంటూ చెప్పిన కబుర్లు. ఇంట్లో ఎంతమంది పిల్లలు, అమ్మ ఏం వండేది, అక్క తన జుట్టు ఎలా దువ్వేది, అలాంటివి. వయోలా విగ్రహంగా కాకుండా, మన ఇంటి పెద్దమ్మాయిలాగ కనిపించేది ఈ ఒక్క పుస్తకంలోనే. నాకు బ్లిస్ పుస్తకం ఎంత ఇష్టమో ఇదీ అంత ఇష్టం.

2018 నవంబరులో ఈ నోటు చలామణీలోకి వచ్చింది. విన్నిపెగ్‌లో మానవ హక్కుల మ్యూజియంలో చిన్న కార్యక్రమం పెట్టారు. కొత్త నోటుతో మొదటి కొనుగోలు వాండా గారి చేతే చేయించారు. తొంభై ఏళ్ళు దాటినావిడ. అక్క బొమ్మ ఉన్న నోటు చేతిలో పెట్టుకుని, మ్యూజియం దుకాణంలో ఏం కొన్నారో తెలుసా? అక్క మీద తను రాసిన పుస్తకం. కొని మనవరాలి చేతిలో పెట్టారు.

ఆ పుస్తకం కాపీ ఒకటి నా సంచిలో ఉంది. బ్లిస్‌ది కూడా తెచ్చాను. ముందు ఎవరు తీసుకెళ్తారు? నువ్వా బాబూ, ఇన్సులిన్ అని చెప్పింది నువ్వే కదా. తీసుకో, వచ్చే నెల తెచ్చివ్వు. నాన్నగారికి కూడా చదివి వినిపించు.